కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల పదేళ్ల కాంట్రాక్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

2023 దీపావళి ఆదివారం వచ్చింది. ఆ రోజు టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా అక్క కొడుకు ఫోన్ చేస్తే, పండగ పలకరింపే అనుకున్నాను. వాడు హలో కూడా అనలేదు. "మావయ్యా, ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్లు ఫుట్‌బాల్ కోచ్‌ని పీకేశారు. పీకేసినందుకు ఆయనకే ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా ఇస్తారంట. ఇదెక్కడి లెక్క?" అన్నాడు. అప్పటి రేటులో అది 600 కోట్ల రూపాయలు దాటిన మాట. వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది. ఆ తర్వాత పార్టీల్లో, వాట్సాప్‌లో ఇదే ప్రశ్న రకరకాలుగా ఎదురవుతూనే ఉంది. అందుకే నన్ను అడిగినవీ, నేను చెప్పినవీ ఒకచోట పెడుతున్నాను.

కాలేజీ పిల్లల ఆటకి ఇంత డబ్బేమిటి?

ముందు ఒక మాట. ఇది గుండ్రటి బంతిని కాలితో తన్నే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. ఏ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌లో, పెన్ స్టేట్ వాళ్ల బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. శనివారం మ్యాచ్ ఉంటే ఊరి జనాభాకి మించిన జనం స్టేడియంలోనే ఉండే ఊళ్లున్నాయి. దాని మీద టీవీ హక్కులు. దక్షిణాది రాష్ట్రాల కాలేజీల కూటమి ఎస్‌ఈసీ, ఒక్కో సభ్య కాలేజీకి ఏటా 5 కోట్ల డాలర్లకు పైగా పంచుతోంది.

అందుకే చాలా రాష్ట్రాల్లో అత్యధిక జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి గవర్నర్ కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. మన దగ్గర వైస్ చాన్సలర్ కంటే పీడీ సారుకి ఎన్నో రెట్లు జీతం ఉందని ఊహించుకోండి. ఇంచుమించు అలాంటిదే.

సరే, జీతం ఎక్కువే అనుకుందాం. పదేళ్లకు రాయడం ఎందుకు?

పైకి చెప్పే కారణం రిక్రూటింగ్. కోచ్ పన్నెండో తరగతి కుర్రాడి ఇంటికి వెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ పెట్టింది తిని, "మీ వాణ్ని నా చేతుల్లో పెట్టండి" అని అడగాలి. ఆ తల్లి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వీడు చదివే నాలుగేళ్లూ మీరు ఇక్కడే ఉంటారా?" కోచ్ కాంట్రాక్ట్‌లో రెండేళ్లే మిగిలుంటే పోటీ కాలేజీ వాడు మర్నాడే ఆ ఇంటికొచ్చి, "ఆయనకే దిక్కు లేదమ్మా, మీవాడికేం చేస్తాడు" అంటాడు. అందుకని కాంట్రాక్ట్‌లో ఎప్పుడూ నాలుగైదేళ్లు మిగిలి ఉండేలా చూసుకోవడం పాత ఆచారం.

నాలుగైదు ఎందుకో అర్థమైంది. పది ఎందుకు? అక్కడ భయం పని చేస్తుంది. మన కోచ్ ఈ ఏడాది బాగా గెలిచాడు, పక్క రాష్ట్రం వాళ్లు ఎత్తుకుపోతారేమో. పక్క రాష్ట్రం వాళ్లు నిజంగా అడిగారో లేదో ఎవరికీ తెలియదు, కానీ అడిగారన్న పుకారు మాత్రం సరిగ్గా నవంబర్‌లో పుడుతుంది. ఈ రంగంలో జిమ్మీ సెక్స్‌టన్ అనే ఏజెంట్ ఉన్నాడు. నిక్ సేబన్, జింబో ఫిషర్, కర్బీ స్మార్ట్, జేమ్స్ ఫ్రాంక్లిన్ లాంటి పేరున్న కోచ్‌లంతా ఆయన క్లయింట్లే. ఖాళీ అయ్యే కుర్చీకి కొత్త మనిషీ, ఆ మనిషి వెళ్లిపోతే ఖాళీ అయ్యే ఇంకో కుర్చీకి మరో మనిషీ ఒకే ఏజెంట్ జాబితాలో ఉంటే, బేరంలో ఎవరిది పైచేయో నేను చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం అడిగితే, రిక్రూటింగ్ కారణం ఇప్పుడు చాలావరకు సాకే. ఆటగాళ్లు కాలేజీ మారాలంటే ఒకప్పుడు ఏడాది కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే ఆన్‌లైన్ జాబితాలో పేరు వేసుకుని వెంటనే వెళ్లి ఆడొచ్చు. నాలుగేళ్లు ఒకేచోట ఉండాలన్న బెంగ కుర్రాడికే లేదు. కారణం పోయినా కాంట్రాక్టులు మాత్రం పొట్టివి కాలేదు.

పదేళ్లకి సంతకం చేసినవాళ్లు పదేళ్లు ఉంటున్నారా?

2021 నవంబర్ చివరి వారం చూడండి. పెన్ స్టేట్ వాళ్లు జేమ్స్ ఫ్రాంక్లిన్‌తో పదేళ్లకి, సుమారు 7.5 కోట్ల డాలర్లకి ఒప్పందం ప్రకటించారు. ఒకట్రెండు రోజుల తేడాతో మిషిగన్ స్టేట్ వాళ్లు మెల్ టకర్‌తో పదేళ్లకి 9.5 కోట్లు. ఇంకో వారం తిరక్కుండా ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ వాళ్లు, బ్రయాన్ కెల్లీని నోటర్ డేమ్ నుంచి తెచ్చి పదేళ్లకి 9.5 కోట్లు.

ముగ్గురూ 2031 దాకా ఉండాలి. టకర్ ఉద్యోగం 2023 సెప్టెంబర్‌లో పోయింది. ఫ్రాంక్లిన్‌ని 2025 అక్టోబర్ 12న, కెల్లీని సరిగ్గా రెండు వారాల తర్వాత అక్టోబర్ 26న తీసేశారు. మూడు పదేళ్ల కాంట్రాక్టుల్లో ఒక్కటీ నాలుగేళ్లు నిండలేదు.

నిలిచినవాళ్లు లేరని కాదు. అయోవాలో కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి ఉన్నాడు. క్లెమ్సన్‌లో డాబో స్వీనీ, జార్జియాలో కర్బీ స్మార్ట్ కూడా పాతుకుపోయినవాళ్లే. కానీ వాళ్లు ఉన్నది గెలిచినందుకు. పొట్టి కాంట్రాక్ట్ ఉన్నా ఉండేవాళ్లే.

బైఅవుట్ అంటే ఏమిటి?

పెళ్లి మాటలప్పుడే విడాకుల లెక్క రాసుకోవడం. గడువులోగా కాలేజీ కోచ్‌ని వద్దనుకుంటే ఎంతివ్వాలి, కోచే కాలేజీని వదిలిపోతే ఎంత కట్టాలి అని రెండు వైపులా ముందే అంకె వేస్తారు. చట్టం భాషలో ముందే ఖరారు చేసుకున్న నష్టపరిహారం అంటారు. పేపర్లలో "పదేళ్లు, 9.5 కోట్లు" అని పెద్దక్షరాల్లో వేస్తారు గానీ, ఆ అంకెతో మనకి పెద్దగా పని లేదు. తేలాల్సినవి వేరే ఉన్నాయి: మిగిలిన జీతంలో ఎంత శాతం గ్యారంటీ? ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా ఇవ్వొచ్చా? కోచ్‌కి వేరే ఉద్యోగం దొరికితే తగ్గుతుందా?

ఈ మూడూ కోచ్ వైపే ఉంటే ఏమవుతుందో చూడాలంటే, ఏ అండ్ ఎమ్ వాళ్లు పీకేసిన ఫిషర్ కథ వినాలి.

జింబో ఫిషర్ కథ ఏమిటి?

ఫిషర్ ఫ్లారిడా స్టేట్‌లో 2013 సీజన్‌కి జాతీయ టైటిల్ గెలిచాడు. అలాంటివాణ్ని తేవడం ఏ అండ్ ఎమ్‌కి ప్రతిష్ఠ. అక్కడి అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడా విభాగం అధిపతి, స్కాట్ వుడ్‌వర్డ్ 2017 డిసెంబర్‌లో పదేళ్లకి 7.5 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ అని తెచ్చాడు. కోచ్ మధ్యలో వెళ్లిపోతే మాత్రం కాలేజీకి పైసా కట్టక్కర్లేదు. స్వాగత సభలో యూనివర్సిటీ వ్యవస్థ చాన్సలర్ జాన్ షార్ప్ ఆయనకి ఒక ఫలకం బహూకరించాడు. దాని మీద 'నేషనల్ చాంపియన్స్' అని చెక్కి, కింద సంవత్సరం దగ్గర '20' వేసి మిగతా రెండంకెలు ఖాళీగా వదిలేశారు. గెలిచిన ఏడాది ఫిషరే నింపుకోవాలన్నమాట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

2020 కోవిడ్ సీజన్‌లో జట్టు పదిలో తొమ్మిది గెలిచింది, అలబామా చేతిలో మాత్రమే ఓడింది. ఈలోగా వుడ్‌వర్డ్ 2019లోనే ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయాడు. తెచ్చినవాడే తీసుకుపోతాడేమో అన్న టెన్షన్ ఏ అండ్ ఎమ్‌కి పట్టుకుంది. ఇంకా ఆరేళ్లకు పైగా గడువున్న కాంట్రాక్ట్‌ని కొత్త డైరెక్టర్ రాస్ బ్యోర్క్ హయాంలో 2021 సెప్టెంబర్ మొదట్లో 2031 దాకా పొడిగించారు. జీతం ఏటా 90 లక్షల డాలర్ల స్థాయికి పెంచారు. గ్యారంటీ అలాగే ఉంచారు. ఈ పొడిగింపు లేకపోతే రెండేళ్ల తర్వాత బిల్లు సగం కూడా అయ్యేది కాదు. ఏ అండ్ ఎమ్‌ని ముంచింది మొదటి సంతకం కంటే ఎక్కువగా ఈ రెండో సంతకమే.

2022లో జట్టు 5 గెలిచి 7 ఓడింది. 2023 నవంబర్ 11 శనివారం మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చిత్తు చేసింది. మర్నాడు ఫిషర్‌ని తీసేశారు. మ్యాచ్ గెలిచిన మర్నాడు! మా అక్క కొడుకు ఫోన్ వచ్చింది అప్పుడే.

ఇవ్వాల్సింది సుమారు 7.68 కోట్ల డాలర్లు. అందులో పావు వంతు, అంటే 1.92 కోట్లు, 60 రోజుల్లోపు. మిగతాది ఏటా 72 లక్షల చొప్పున 2031 దాకా. ఆయన వేరే ఎక్కడ ఎంత సంపాదించినా ఇందులో కోత లేదు. బ్యోర్క్ కొన్ని నెలలకే ఒహాయో స్టేట్ అథ్లెటిక్ డైరెక్టర్‌గా వెళ్లిపోయాడు. సంతకాలు పెట్టిన ఇద్దరూ ఇప్పుడు ఊళ్లో లేరు, చెక్కులు మాత్రం పోతున్నాయి.

ఈ డబ్బు ఎవరి జేబులోంచి? మా పిల్లల ఫీజులోంచేనా?

తల్లిదండ్రులంతా అడిగేది ఇదే. ఏ అండ్ ఎమ్, ఎల్‌ఎస్‌యూ లాంటి పెద్ద కాలేజీల్లో నేరుగా మీ ఫీజులోంచి కాదు. టికెట్లు, టీవీ డబ్బు, ఆ తర్వాత దాతలు. ఒక్కో కాలేజీకి అనుబంధంగా ఒక ఫౌండేషన్ ఉంటుంది, ఏ అండ్ ఎమ్‌కి ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్ లాగ. ఆయిల్ డబ్బున్న పూర్వ విద్యార్థులు అందులో వేస్తారు. మిషిగన్ స్టేట్‌లో టకర్ కాంట్రాక్ట్‌కి డబ్బు సమకూర్చింది ఇద్దరు వ్యాపారవేత్తలైన దాతలు.

అయితే "ఇది దాతల సొమ్ము, మీకెందుకు" అనే మాట నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ ఫౌండేషన్‌కి ఇచ్చే విరాళం దానధర్మం కింద లెక్కే, ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. పైగా పాత కోచ్‌ని సాగనంపడానికి ఇచ్చిన కోటి, లైబ్రరీకి ఇవ్వని కోటే. చిన్న కాలేజీల సంగతి వేరు. వాటికి టీవీ డబ్బు అంత రాదు కాబట్టి అథ్లెటిక్స్ ఖర్చులో చెప్పుకోదగ్గ భాగం విద్యార్థుల ఫీజుల మీదే పడుతుంది. మీవాడి ఫీజు రసీదులో 'అథ్లెటిక్ ఫీ' అన్న లైను ఉందేమో ఓసారి చూడండి.

తీసేసిన కోచ్‌కి ఇంకోచోట ఉద్యోగం దొరికినా ఇస్తూనే ఉండాలా?

కాంట్రాక్ట్‌లో ఏం రాసుకున్నారన్నదాన్ని బట్టి. జాగ్రత్తగా రాసినవాటిలో ఒక షరతు ఉంటుంది: తీసేశాక కోచ్ ఊరికే కూర్చోకుండా నిజాయితీగా ఉద్యోగం వెతుక్కోవాలి, కొత్త జీతం ఎంతో అంత పాత కాలేజీ బాకీలోంచి తగ్గాలి. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు.

పెన్ స్టేట్ గట్టెక్కింది దీనివల్లే. ఫ్రాంక్లిన్‌ని తీసేసినరోజు బాకీ సుమారు 4.9 కోట్లు. ఆయన నెల తిరిగి కొద్ది రోజులు కాగానే వర్జీనియా టెక్‌లో చేరాడు. చివరికి 90 లక్షల డాలర్లకి ఒప్పందం కుదిరింది. అదే ఏడాది ఫ్లారిడా వాళ్లు బిల్లీ నేపియర్‌ని తీసేశారు. ఆయన కాంట్రాక్ట్‌లో ఆఫ్‌సెట్ లేదు, సుమారు 2.1 కోట్ల బాకీలో సగం 30 రోజుల్లోపే కట్టాలి. ఆయన ఉద్యోగం చూసుకున్నా చూసుకోకపోయినా ఫ్లారిడాకి ఒరిగేదేం లేదు.

ఆఫ్‌సెట్ ఉన్నంత మాత్రాన గొడవ ఉండదనుకోకండి. ఆర్కాన్సా వాళ్లు 2017లో బ్రెట్ బీలెమాని తీసేశారు. ఆయన ప్రొఫెషనల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో చేరాడు, జీతం మాత్రం చాలా తక్కువ. లక్షల్లో జీతం తీసుకున్న పెద్ద కోచ్ ఇంత తక్కువకి పని చేయడమేమిటి, బాకీ మొత్తం మా నెత్తిన ఉంచడానికే కావాలని తక్కువ జీతానికి కుదిరాడని ఆర్కాన్సా ఫౌండేషన్ చెల్లింపులు ఆపేసింది. ఆయన కోర్టుకెక్కాడు, 2021లో రాజీ అయింది. 'నిజాయితీగా వెతుక్కోవాలి' అన్న రెండు మాటల మీద ఏళ్ల తరబడి లాయర్లు బతికారు.

రెండు కాలేజీల దగ్గర ఒకేసారి తీసుకున్నవాళ్లున్నారా?

ఉన్నారు. చార్లీ వైస్. 2005లో నోటర్ డేమ్‌లో చేరిన మొదటి సీజన్ సగంలోనే, నంబర్ వన్ జట్టు యూఎస్‌సీ చేతిలో 34-31తో త్రుటిలో ఓడాడు. ఓడిన తీరుకే ముచ్చటపడి రెండు వారాలకల్లా 2015 దాకా పదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. 2009లో తీసేశారు. ఆ తర్వాత క్యాన్సస్ పెట్టుకుంది, 2014లో అదీ తీసేసింది. కొంతకాలం రెండు కాలేజీలూ ఆయనకి డబ్బు కట్టాయి. ఒక్క నోటర్ డేమ్ ఇచ్చిందే దాదాపు 1.9 కోట్ల డాలర్లు. నోటర్ డేమ్ ప్రైవేట్ సంస్థ. అయినా పన్ను పత్రాల్లో ఏటా ఎంతిచ్చిందీ చూపించాలి కాబట్టి లోకానికి తెలిసింది.

తప్పు చేసి ఉద్యోగం పోయినా బైఅవుట్ ఇవ్వాలా?

ఇవ్వక్కర్లేదు. 'కారణం చూపి తీసేయడం' అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. నైతిక దుష్ప్రవర్తన, నిబంధనల ఉల్లంఘన, కాలేజీకి అబద్ధం చెప్పడం లాంటివి రాస్తారు. ఓడిపోవడం మాత్రం అందులో రాదు. ఎంత ఘోరంగా ఓడినా అది 'కారణం' కాదు!

ఆర్కాన్సాలోనే 2012 ఏప్రిల్ 1న బాబీ పెట్రీనో మోటార్ సైకిల్ మీంచి పడ్డాడు. ఒక్కణ్నే వెళ్తున్నానని పై అధికారికి చెప్పాడు. వెనక ఒక యువతి ఉందని, తను సంబంధం పెట్టుకున్న ఆమెనే తన విభాగంలో ఉద్యోగంలోకి తీసుకున్నాడని తర్వాత బయటపడింది. రావాల్సిన కోటీ 80 లక్షల డాలర్లు ఒక్క అబద్ధంతో పోయాయి.

టకర్ మీద, కాలేజీ పిలిపించి ఉపన్యాసాలిప్పించుకున్న ఒక మహిళ లైంగిక వేధింపు ఫిర్యాదు చేసింది. ఆయన ఆరోపణని ఖండించాడు, కానీ మిషిగన్ స్టేట్ కారణం చూపి తీసేసి సుమారు 8 కోట్ల బాకీని తోసిపుచ్చింది. ఆయన దావా వేశాడు.

నాకు మింగుడుపడని కేసు మైక్ లీచ్‌ది. టెక్సస్ టెక్‌లో ఆయనకి 2009 డిసెంబర్ 31న 8 లక్షల డాలర్ల బోనస్ అందాలి. ఆ రోజుకి కోచ్‌గా ఉంటే చాలు. డిసెంబర్ 30న కారణం చూపి తీసేశారు. తలకి దెబ్బ తగిలిన ఆటగాడితో సరిగ్గా ప్రవర్తించలేదన్నది కారణం. లీచ్ కాదన్నాడు, దావా వేశాడు. ప్రభుత్వ యూనివర్సిటీ అంటే రాష్ట్రమే, రాష్ట్రం ఒప్పుకోకుండా దాని మీద డబ్బు దావా నడవదు అని కోర్టులు చెప్పాయి. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆరోపణలో నిజమెంతో తేలనే లేదు. అంటే కాంట్రాక్ట్ ఎంత గట్టిగా రాసుకున్నా, అవతలివాడి మీద దావా వేసే వీలుందా అన్నది వేరే ప్రశ్న. ఆయన 2022 డిసెంబర్‌లో చనిపోయాడు, ఆ డబ్బు రాకుండానే.

కోచే వదిలిపోతే?

అప్పుడు ఆయన కట్టాలి. నిజానికి కొత్త కాలేజీ కడుతుంది. 2007 చివర్లో రిచ్ రోడ్రిగెజ్ తన సొంత రాష్ట్రం వెస్ట్ వర్జీనియాని వదిలి మిషిగన్‌కి వెళ్లాడు. కాంట్రాక్ట్ ప్రకారం 40 లక్షల డాలర్లు కట్టాలి. కట్టనన్నాడు. కోర్టు దాకా వెళ్లి, చివరికి మిషిగన్ 25 లక్షలు, ఆయన 15 లక్షలు కట్టారు.

ఇలాంటి షరతు అసలు చెల్లుతుందా అన్నది అంతకుముందే తేలింది. జెరీ డినార్డో 1994లో వాండర్‌బిల్ట్‌ని వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్లాడు. ఎన్నేళ్లు మిగిలాయో అన్నేళ్ల నికర జీతం కాలేజీకి కట్టాలని రాసుంది. ఇది నష్టపరిహారం కాదు, జరిమానా అని ఆయన వాదించాడు. 1999లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. కోచ్ పోతే కాలేజీకి జరిగే నష్టం ఇంకో మనిషిని వెతికే ఖర్చొక్కటే కాదు, స్థిరత్వం కోసమే అన్నేళ్లకి రాసుకున్నారు అంది. దీర్ఘకాలం అన్న మాటకి కోర్టులో విలువ దొరికిన సందర్భం ఇది.

నాకు నచ్చిన షరతు క్లెమ్సన్ కోచ్ స్వీనీది. ఆయన అలబామాలో చదివి, అక్కడే ఆడినవాడు. ఎవరికోసం వెళ్లినా బైఅవుట్ ఒకటి, అలబామాకి వెళ్తే మాత్రం దానికి ఒకటిన్నర రెట్లు. పుట్టింటికి వెళ్తే జరిమానా ఎక్కువన్నమాట.

రిటైర్ అయితే?

అది వేరే. నిక్ సేబన్ 2024 జనవరి 10న, 72 ఏళ్ల వయసులో, కాంట్రాక్ట్‌లో ఇంకా ఆరేళ్లుండగా రిటైర్ అయ్యాడు. అలబామా దండం పెట్టి పంపించింది.

బైఅవుట్ తగ్గే తేదీ అంటుంటారు, అదేమిటి?

గడువు దగ్గరపడేకొద్దీ అంకె మెట్లుమెట్లుగా తగ్గుతుంది. 2022లో నెబ్రాస్కాలో స్కాట్ ఫ్రాస్ట్ బైఅవుట్ సుమారు కోటిన్నర డాలర్లు. అక్టోబర్ 1కి సగమవుతుంది. ఊరందరికీ తెలుసు. సెప్టెంబర్ 10న సొంత మైదానంలో జార్జియా సదరన్ అనే చిన్న జట్టు చేతిలో 45-42తో ఓడారు. మర్నాడే తీసేశారు. మూడు వారాలు ఓపిక పడితే 75 లక్షల డాలర్లు మిగిలేవి. కానీ స్టేడియంలో ఎనభై వేల పైచిలుకు మంది ఉసూరుమంటుంటే క్యాలెండర్ చూసే ధైర్యం ఎవరికుంటుంది?

జీతం కాకుండా ఇంకేం ఇస్తారు?

కార్లు, క్లబ్ సభ్యత్వం, కుటుంబానికి స్టేడియంలో ప్రత్యేక గది, సొంతానికి వాడుకోవడానికి ఇన్ని గంటలని ప్రైవేట్ విమానం, టైటిల్ గెలిస్తే బోనస్, పిల్లలు చదువులో పాసైతే చిన్న బోనస్. సేబన్ ఇంటిని 2013లో అలబామా ఫౌండేషన్ 31 లక్షల డాలర్లకి కొని, ఆయన్ని అందులోనే ఉండమంది.

ఇవన్నీ కాంట్రాక్ట్‌లో విడివిడిగా ఎందుకు రాస్తారంటే, పెప్పర్ రోజర్స్ వల్ల. జార్జియా టెక్ ఆయన్ని 1979 డిసెంబర్‌లో, రెండేళ్లు ఉండగా తీసేసింది. జీతం ఆపలేదు. కానీ కారు, పెట్రోలు, క్లబ్బులు, మ్యాచ్ టికెట్లు, టీవీ షో డబ్బు పోయాయి. అవీ నా కాంట్రాక్ట్‌లో భాగమే అని దావా వేశాడు. 1983లో జార్జియా అప్పీల్ కోర్టు ఒక్కో వస్తువునీ పట్టుకుని, ఇది అడగొచ్చు, ఇది అడగకూడదు అని జాబితా విడదీసింది. సెక్రటరీ కావాలనడం కుదరదు, అది పని చేయడానికిచ్చింది. మిగతావాటిలో కొన్ని అడగొచ్చు. అప్పట్నుంచి లాయర్లు పెట్రోలు సహా రాయడం మొదలుపెట్టారు.

ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారు?

ఫలానావాడని చెప్పలేం. కానీ జనం నోరెళ్లబెట్టిన మొదటి పెద్ద కాంట్రాక్టుల్లో ఒకటి 1982 జనవరిలో జాకీ షెరిల్‌ది. ఆరేళ్లకి 17 లక్షల డాలర్లకు పైగా. కాలేజీ ఏదో ఊహించండి. టెక్సస్ ఏ అండ్ ఎమ్.

ఎల్‌ఎస్‌యూ గొడవలో గవర్నర్ ఎందుకు తలదూర్చాడు?

కెల్లీని తీసేసినప్పుడు బాకీ సుమారు 5.4 కోట్లు. ఆ కాంట్రాక్ట్ రాసిన డైరెక్టర్ ఎవరో గుర్తుందా? ఏ అండ్ ఎమ్‌లో ఫిషర్‌ని తెచ్చిన వుడ్‌వర్డే. గవర్నర్ జెఫ్ లాండ్రీ ఆ పాత లెక్క కూడా బయటకి తీసి, కొత్త కోచ్‌ని ఈయన ఎంపిక చేయడని విలేకర్ల ముందే అనేశాడు. కొద్ది రోజుల్లో వుడ్‌వర్డ్‌ని కూడా సాగనంపారు, ఆయనకీ 60 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి.

ఆ తర్వాత ఇంకో విడ్డూరం. కెల్లీతో రాజీ బేరాలు కుదరకపోయేసరికి, అసలు ఆయన్ని అధికారికంగా తీసేయనే లేదని కాలేజీ తరఫున వాదన వచ్చింది. దేశమంతా టీవీలో చూసిన ఉద్వాసన అది! ఆయన దావా వేశాడు. నవంబర్ చివరికి కాలేజీ దిగొచ్చి, కారణం లేకుండానే తీసేశామని, మొత్తం బాకీ ఉన్నామని ఒప్పుకుంది. కొత్త కోచ్ లేన్ కిఫిన్‌ని ఏడేళ్లకి, ఏటా సుమారు 1.3 కోట్లకి తెచ్చింది. ప్రజాధనం జాగ్రత్త అని గవర్నర్ చేసిన హడావిడి తర్వాత వచ్చిన అంకె ఇది.

ఆటగాళ్లకి ఏమైనా వస్తుందా?

ఇప్పుడొస్తోంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీ తన క్రీడాకారులందరికీ కలిపి 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా ఇవ్వొచ్చు. అన్ని ఆటలకీ, ఆడామగా అందరికీ కలిపి పరిమితి అది. ఫిషర్ ఒక్కడి బైఅవుట్ దానికి మూడున్నర రెట్లు పైనే.

ఈ కాంట్రాక్టులు మనం చదవొచ్చా?

ప్రభుత్వ యూనివర్సిటీవైతే చాలావరకు చదవొచ్చు. రికార్డుల చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, స్థానిక పత్రికలు ఎలాగూ అడిగి పెడతాయి. ప్రైవేట్ కాలేజీలవి దొరకవు. చదివేటప్పుడు మొదటి పేజీలో జీతం చూసి ఆగిపోకండి. చివరి పేజీల్లో, తొలగింపు అన్న శీర్షిక కింద ఉంటుంది అసలు సరుకు. కొన్నిసార్లు సీజన్ మొదలైనా పూర్తి కాంట్రాక్ట్ తయారవదు, ఒకట్రెండు పేజీల అవగాహన పత్రం మీదే కోచ్ పని చేస్తుంటాడు. ఆ కాగితం కూడా అడగండి.

ఫిషర్ ఇప్పుడేం చేస్తున్నాడు?

ఏసీసీ నెట్‌వర్క్ అనే టీవీ చానల్‌లో మ్యాచ్‌ల విశ్లేషణ చేస్తున్నాడు. ఏ అండ్ ఎమ్ ఇచ్చేదాన్ని రోజులకి భాగిస్తే, ఆదివారాలు, పండగలతో సహా రోజుకి సుమారు 19,700 డాలర్లు పడుతుంది. ఈ లెక్క చెబితే మా అక్క కొడుకు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, మన ఊళ్లో పీడీ సారుకి ఇదేం తెలీదు కదా?" అన్నాడు.